సంపులో వెలసిన కొర్రమీను

మృగశిర కార్తె ప్రవేశించిన రోజు మా వైపు ఏ వీధిలో నడిచినా చేపల పులుసు వాసన వెంబడిస్తుంది. ఆ రోజు చేప వండని ఇల్లంటే అది శాకాహారులదైనా అయ్యుండాలి, మాదైనా అయ్యుండాలి. మేం శాకాహారులం కాదు. అయినా ఆ రోజు మా ఇంట్లో పులిహోర చేస్తారు, వడ్డిస్తూ అందరూ నా మొహం చూసి నవ్వుతారు.

నవ్వనీండి, నాకు అలవాటైపోయింది. ఒక్క చేపను తప్పుగా ఎంచుకుని ఒక ఇంటి తాగునీళ్లనూ, ఒక పెద్దమనిషి మనశ్శాంతినీ, మా మామ పండగనూ, కడుపుతో ఉన్న భార్యతో నేను కాపురముంటున్న అద్దె ఇంటినీ ఒకే పొద్దున అల్లకల్లోలం చేసిన ఘనత నాది. ఇంత పనికి మామూలుగా వరద రావాలి. నేను డాబా మీద ఒక నీళ్ల తొట్టి పెట్టి సాధించాను.

అప్పట్లో నేను తాండూరులో బండలు పాలిష్ పట్టే యూనిట్‌లో సూపర్‌వైజర్ని. మాది బంట్వారం దగ్గరి పల్లె. మా ఆవిడ లలితది వికారాబాద్, తాండూరులోనే ఒక బడిలో టీచరు. కొత్త కాపురానికి ఇల్లు వెతుకుతుంటే వీరేశం సేటు గారి ఇంట్లో పై వాటా దొరికింది. సేటు గారిది కందిపప్పు వ్యాపారం. మనిషి మంచివాడే, కాకపోతే ఆ మంచితనం నీసు వాసన తగిలేదాకానే. ఇల్లు చూపించిన రోజే మెట్ల మీద నిలబడి షరతు చెప్పేశాడు.

"చూడు సురేందరూ, కిరాయి లేటైతె నేను ఫికర్ చెయ్య. పిల్లలు పుట్టి గోడల మీద బొమ్మలు గీసినా ఊకుంట. కని నా ఇంట్ల నీసు పొయ్యి ఎక్కిందనుకో, తెల్లారి నీ సామాను రోడ్డు మీదుంటది."

"ఎక్కదు సేటు. మేం బయటనే తింటం."

"తిని, నోరు మంచిగ కడుక్కొని రా."

ఆయన భార్య శారదమ్మ. సేటు గారు ఎంత కరుకో ఆమె అంత మెత్తన. పుట్టిల్లు సేడం వైపు. మాతో మాట్లాడేదంతా తెలుగే అయినా, ఉలిక్కిపడితే మాత్రం నోట్లోంచి కన్నడమే వచ్చేది. మీద బల్లి పడినా, కుక్కర్ గట్టిగా కూసినా "అయ్యో దేవ్రే!" అని ఒకటే అరుపు. ఆ అరుపు వినబడితే కింద నిజంగానే ఏదో జరిగిందని పైన మాకు తెలిసిపోయేది. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు, అందుకే చాలాకాలం తెలివితక్కువవాడిగా మిగిలాను.

లలితకు నెల తప్పిన దగ్గర్నుంచి శారదమ్మ మధ్యాహ్నం కంచం పైకి పంపడం మొదలుపెట్టింది. "ఏం తినబుద్దయితుంది బిడ్డా?" అని అడగడం, వద్దన్నా తెచ్చి పెట్టడం. లలితకు చిన్నప్పుడే తల్లి పోయింది. ఆ కంచం ముందు కూర్చుని ఒకరోజు ఆమె కళ్లు తుడుచుకోవడం చూశాను. అప్పుడే నాకు ఖరాఖండిగా చెప్పింది:

"కాన్పయ్యేదాంక నేనీ ఇల్లు ఇడిచి యాడికీ రాను. నీ నోటి దూల పనులతోని సేటుతోని తిట్లు తినకు."

నా నోటి దూల గురించి ఆమెకు అప్పటికే మంచి అవగాహన ఉంది.

ఇంత సుఖంగా ఉన్నవాణ్ని ఊరికే ఉండొచ్చు కదా? ఫోన్‌లో వీడియో చూశాను. చేపల తొట్టిలో నీళ్లను చిన్న మోటారుతో కంకర నింపిన డబ్బాల్లోకి ఎక్కిస్తారు. ఆ కంకరలో ఆకుకూరలు పెడతారు. చేపలు పాడుచేసిన నీళ్లలోని బలమంతా మొక్కలు లాగేసుకుంటే, తేటపడ్డ నీళ్లు మళ్లీ తొట్టిలోకి దిగుతాయి. మట్టి అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు అని వీడియోలో చెప్పారు. బుర్ర కూడా అక్కర్లేదని నాకు నేనే కలుపుకున్నాను.

సేటు గారి అనుమతి అడిగితే ఆయన తక్కెడ దగ్గర్నుంచి లేచి నిలబడ్డాడు.

"చేపలా? నా ఇంట్లనా?"

"తినేటందుకు గాదు సేటు. పుదీనకు, పాలకూరకు బలమిచ్చేటందుకు. బర్రె పెండ ఎరువేస్తం, బర్రెను కోస్తమా చెప్పుండ్రి?"

"పోనియ్యుండ్రి," అంది శారదమ్మ లోపలి నుంచి. "కడుపుతోనున్న పిల్ల. ఇంటి ఆకుకూర మంచిది."

సేటు గారు కాసేపు గొణిగి, ఇంకో షరతు చేర్చాడు. "పెంచితె పెంచు. డాబా దిగి నా వాకిట్లకు మాత్రం రావొద్దు."

చేపలు డాబా దిగడమేమిటని నేను లోలోపల నవ్వుకున్నాను. ఆయనకు మోకాళ్ల నొప్పులు, డాబా ఎక్కడు. పైన పడే వాన నీళ్ల మీద మాత్రం ప్రాణం. ఒక్క చుక్క వీధి పాలు కాకుండా లావుపాటి పైపు వేయించి డాబా నుంచి నేరుగా వాకిట్లో సంపులోకి దింపుకున్నాడు. వంటకూ, తాగడానికీ ఆ నీళ్లే. వాన వెలవగానే సంపు మూత తీసి ఎంత నిండిందో చూసుకోవడం ఆయన సంబరం.

ఇక చేప సంగతి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు బంగారు తీగ వేసుకోండి, లేదంటే రంగు చేపలు వేసుకోండి అని వీడియోలో చెప్పారు. ఏది పెట్టినా తింటాయి, ఒకదానితో ఒకటి గొడవపడవు, తొట్టి చిన్నదైనా సర్దుకుంటాయి. మాంసం తినే చేపల జోలికి మాత్రం వెళ్లొద్దు. ఇంత స్పష్టంగా నాకు మా గురువులు కూడా ఏదీ చెప్పలేదు. కానీ ఆ ఆదివారం మేం వికారాబాద్ వెళ్లాం.

మా మామ నర్సింహులు బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆయన దృష్టిలో కొర్రమీను ఒక్కటే చేప. మిగతావన్నీ నీళ్లలో ఈదే ముళ్లు.

"బంగారు తీగనా?" అన్నాడు మొహం అదోలా పెట్టి. "అల్లుడూ, అది తింటాంటె నోట్లె సూదులు ఏరుకున్నట్టుంటది. ఎయ్యంగ ఎయ్యంగ కొర్రమీను ఎయ్యి. నడుమ ఒక్కటే ముల్లు. మిరుగు నాటికి మోచేయంత అయితది."

మా వైపు మృగశిరను మిరుగు అంటారు. ఆ మాట వినగానే నా ఛాతీ ఉబ్బింది. పెళ్లయ్యాక మామకు నేను పెట్టే మొదటి గొప్ప భోజనం ఇదే కావాలనుకున్నాను.

"మామా, ఈ మిరుగుకు మీరు చేప కొనొద్దు. నా తొట్ల పెరిగిన కొర్రమీనును బతికుండంగ పట్కొస్త. ఈడ్నే వండుకుందం."

"మీ సేటు ఊకుంటడా?"

"పెంచుడు ఆడ, వండుడు ఈడ. ఆయన పొయ్యికేం సంబంధం?"

లలిత నన్ను పక్కకు లాగింది. "వీడియోల వద్దన్నరు గద? సేటుకేమో తినేటందుకు గాదని చెప్తివి."

"కొర్రమీను పైకొచ్చి గాలి పీలుస్తది లలితా. కరెంటు పోయి మోటరు ఆగినా బతుకుతది. చేపలు చస్తె సేటు పరేషాన్ గాడా? ఆయన కోసమే."

అబద్ధం. తొట్టి దగ్గర నిలబడి ఎంచాల్సిన చేపను నేను మామ కంచం ముందు కూర్చుని ఎంచాను. ఊళ్లో ఎవరినడిగినా అదే ఎంచేవారు, అది వేరే మాట. కొర్రమీను దొరుకుతుందంటే కాదనే మనిషి మా జిల్లాలో ఇంకా పుట్టలేదు.

గాలి నింపిన సంచిలో డజను పిల్లలతో వికారాబాద్‌లో ప్యాసింజర్ బండెక్కాను. ఎదుటి సీటాయన "ఏం పిల్లలు?" అన్నాడు. "కొర్రమీను," అన్నాను. వెంటనే నాకు కిటికీ పక్కన చోటిచ్చాడు. నా జీవితంలో అంత మర్యాద మళ్లీ దొరకలేదు.

మర్యాద తాండూరు స్టేషన్‌లోనే అయిపోయింది. కొన్న మేత వేస్తే ఆ పిల్లలు మొహం తిప్పుకున్నాయి. వాటికి మాంసం కావాలి. అలా శుద్ధ శాకాహారుల ఇంట్లోకి రోజూ కోడి కార్జం దొంగతనంగా మోసే ఉద్యోగం నాకు పడింది. టిఫిన్ డబ్బాలో పెట్టుకుని మెట్లెక్కుతుంటే సరిగ్గా అప్పుడే శారదమ్మ తులసి దగ్గర ఉండేది.

"ఏం కూర నాయనా డబ్బల?"

"వంకాయ అమ్మా."

మర్నాడు.

"ఇయ్యాల?"

"వంకాయనే అమ్మా."

"గింత వంకాయ మంచిది గాదు. వేడి చేస్తది," అనేది నిదానంగా, చెంబులో మిగిలిన నీళ్లు తులసికి పోస్తూ.

ఇంకో వింత మొదలైంది. చేపలు తగ్గిపోతున్నాయి. పిల్లి పనే అనుకుని పిల్లిని తరిమాను. కాకి అనుకుని పాత సీడీ వేలాడదీశాను. లలిత మీద కూడా ఒక చూపు వేశాను, దానికి ఆమె వేసిన చూపుతో ఆ అనుమానం అక్కడే పోయింది. చివరికి ఒకరోజు తొట్టిలోకి వంగి చూసి లలితే చెప్పింది:

"పిల్లీ లేదు, కాకీ లేదు. గా పెద్దదాని పొట్ట చూడు. తమ్ముళ్లందరు గండ్లనే ఉన్నరు."

నిజమే. అన్నీ దాని కడుపులో కలిసిమెలిసి ఉన్నాయి. ఆకుపచ్చని నీళ్లలో ఒంటరిగా, నల్లగా, నిగనిగలాడుతూ అది నన్ను చూసే తీరుకు లలిత దానికి దొర అని పేరు పెట్టింది. దొర తినేవాడు, నిద్రపోయేవాడు, మధ్యలో ఒక్కసారి తోకతో నా మొహాన నీళ్లు కొట్టేవాడు. తొట్టి మీద మూత వేయాలని తెలుసు. లలిత పాత చున్నీ పరిచి బట్టల క్లిప్పులు పెట్టాను. నా ఇంజనీరింగ్ అంత.

ఒక్క మాట మాత్రం ఒప్పుకోవాలి, ఆకుకూరలు అద్భుతంగా వచ్చాయి. ఆ పాలకూరతో, ఇంటి కందిపప్పుతో శారదమ్మ వండిన పప్పు రుచి నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. సాయంత్రాలు డాబా మీద లలిత పుదీన తుంచుతుంటే, మోటారు నీళ్లు కంకర మీద సన్నగా పారుతుంటే, మా బిడ్డకు పేర్లు వెతుక్కుంటూ కూర్చునేవాళ్లం. అంత హాయిగా ఎప్పుడూ లేను.

మృగశిర రానే వచ్చింది. ముందు రోజే సేటు దంపతులు అనంతగిరి వెళ్లి పద్మనాభస్వామి దర్శనం చేసుకొచ్చారు. లలిత కాన్పు సుఖంగా జరగాలని శారదమ్మ మొక్కుకుందట. పొద్దున్నే నేను మూతున్న బకెట్టు కడిగి సిద్ధం చేశాను, పది గంటల బండికి దొరను వికారాబాద్ తీసుకుపోవాలి. మామ అప్పటికే ఫోన్ చేసి "మసాల నూరిపిచ్చిన," అన్నాడు.

అప్పుడు వాన మొదలైంది. తొలకరి. నాపరాళ్ల వాకిలి తడిసి ఎగసిన వాసనకు నేను ఒళ్లు మరిచి, టీ గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. తొలకరికి నాకు టీ తాగాలనిపిస్తుంది. కొర్రమీనుకు ఊరు మారాలనిపిస్తుంది. కొత్త నీళ్లు పడగానే ఉన్న మడుగు వదిలి, తడినేల మీద పాక్కుంటూ ఇంకో మడుగు వెతుక్కుంటుంది. ఈ ముక్క పల్లెలో పుట్టిన నాకు తెలియనిది కాదు. గుర్తు రాలేదంతే.

గుర్తొచ్చి డాబా మీదికి పరుగెత్తేసరికి చున్నీ పిట్టగోడ మీద ఉంది. తొట్టి ఖాళీ. వాన నీళ్లు సుడి తిరుగుతూ దిగుతున్న పైపు దగ్గర ఒక్క క్షణం తోక కనబడింది. కదిలే బస్సెక్కే మనిషి వెనక కాలులా అది కూడా లోపలికి పోయింది.

వాన వెలిసింది. నేను మెట్లు దిగేలోపే కింద సంపు మూత లేచిన చప్పుడయింది. ఆ వెంటనే సేటు గారి కేక.

"ఏయ్! గిదేంది? సంపుల చేప! నల్లగ, గింత పొడుగు! తాగే నీళ్లల్ల!"

నా కాళ్లు మెట్ల మీదే ఆగిపోయాయి. పైన గుమ్మంలో లలిత పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ఆమె మొహంలో రంగు లేదు. నా సామాను, ఆమె మంచం, బిడ్డ కోసం కుట్టిన బొంత అన్నీ రోడ్డు మీద తడుస్తున్నట్టు కనబడ్డాయి.

"సురేందరూ!" సేటు గారు తలెత్తాడు. "నీ చేపలేడున్నయ్? నాకు..."

"స్వామీ!"

అది శారదమ్మ గొంతు. కొంగు తల మీదికి లాక్కుని, రెండు చేతులూ జోడించి సంపు ముందు మోకరిల్లింది. "పద్మనాభస్వామీ! నిన్న నీ గడప తొక్కి వస్తిమి, ఇయ్యాల మా ఇంటికొస్తివా తండ్రీ! మత్స్యావతారమండీ! దండం పెట్టుండ్రి!"

సేటు గారు చేతులు సగం లేపి ఆగాడు. "కని... పైన సురేందరు చేపలు..."

"ఆయన చేపలు నా వేలంత లేవు. దినాం ఆకుకూరకు పోత, నేను చూడనా? పైకెల్లి గింత పెద్దది యాడికెల్లి వస్తది? వాన నీళ్లల్ల స్వామి గాకుంటె ఎవరొస్తరు?"

చున్నీ కింద ఉన్న దొరను ఆమె ఎన్నడూ చూడలేదని నేను నిజంగానే నమ్మాను. సేటు గారు సంపులోకి మళ్లీ చూశాడు. దొర సరిగ్గా అప్పుడే పైకొచ్చి, నోరు తెరిచి, హాయిగా ఒక గుక్క గాలి పీల్చి మునిగాడు. కొర్రమీను అందరి ముందూ చేసే పనే అది. సేటు గారి కళ్లలో మాత్రం గిర్రున నీళ్లు తిరిగాయి.

"నన్ను చూసిండు శారదా!" అన్నాడు.

గంటలో వీధంతా మా వాకిట్లో ఉంది. పూలు, పసుపు, కర్పూరం. పెద్ద గిన్నెడు పులిహోర తయారైంది. నన్ను పిలిచి హారతి పళ్లెం చేతికిచ్చారు. పొద్దున పులుసు కోసం బకెట్టు కడిగిన చేతులతో నేను దొరకు హారతిచ్చాను. లోపల జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. ఎత్తకపోయేసరికి మామ ఏదో ప్రమాదం జరిగిందనుకుని, నూరిన మసాలా డబ్బాతో సహా బండెక్కి తాండూరు వచ్చేశాడు.

జనాన్ని తోసుకుని సంపు దగ్గరికొచ్చాడు. వంగి చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, చెవిలో అడిగాడు.

"అల్లుడూ, గిది నా కూర గాదూ?"

"మామా, గట్టిగ అనకుండ్రి. ఇల్లు పోతది."

"అయ్యో, మెడ దగ్గర ఎంత కండ పట్టిందిరా," అని గుటక వేశాడు. ఇంతలో సేటు గారు ఆయన్ని చూసి ఎదురొచ్చాడు. "బావా, సమయానికొచ్చినవ్! తీర్థం తీసుకో." మసాలా డబ్బా చంకలో పెట్టుకుని, మా మామ తన కూర ఈదుతున్న నీళ్లను దోసిట్లో పట్టి కళ్లకద్దుకున్నాడు. తర్వాత పులిహోర తిన్నాడు. మృగశిర రోజున చేప లేకుండా ముద్ద మింగడం తన జన్మలో అదే మొదటిసారని తోవ పొడుగునా చెబుతూ వెళ్లాడు.

ఏకాదశి నాడు ఇత్తడి బిందెలో దొరకు అనంతగిరి ప్రయాణం. బిందె నా ఒళ్లో. గుట్టల కింది చెరువులో వదులుతుంటే సేటు గారు కన్నీళ్లు పెట్టుకున్నాడు. వికారాబాద్ నుంచి ఆటో కట్టించుకుని వచ్చిన మామ కూడా పెట్టుకున్నాడు. ఇద్దరి కన్నీళ్లకూ కారణాలు వేరు, ధార మాత్రం ఒకటే.

మా బిడ్డ ఆ ఇంట్లోనే పుట్టింది. నాలుగేళ్లు అక్కడే పెరిగింది, చెప్పినట్టే గోడల మీద బొమ్మలు గీసింది, సేటు గారు చెప్పినట్టే ఊరుకున్నాడు. తర్వాత మేం వికారాబాద్‌లో సొంత ఇల్లు కట్టుకుని సామాను బండికెత్తిన రోజు, శారదమ్మ లలితకు ఒడిబియ్యం పోసి, నన్ను మెట్ల దగ్గరికి పిలిచింది.

"నాయనా, కొత్తింట్ల కూడ తొట్టి పెడ్తవా?"

"పెడ్త అమ్మా."

"పెట్టు. కని వంకాయ తినని చేపను ఎయ్యకు."

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"కార్జం వాసన నాకు రాదనుకున్నవా? గా పొద్దున తులసి కాడ్నే ఉన్న. పైపుల ధబధబ కొట్టుకుంట దిగింది ఇన్న. నెలలు నిండిన పిల్లను యాడికి పంపుత? నేను చెప్తె మా ఆయన ఇనడు. దేవుడు చెప్తె ఇంటడు. గందుకే స్వామిని పిలిచిన. స్వామి ఏమనుకోలేదు, నేను ఆయనకు చెప్పుకున్న."

అప్పుడు వెలిగింది నాకు. ఆ పొద్దున ఆమె "అయ్యో దేవ్రే" అనలేదు. వాకిట్లో మూరెడు చేప కనబడితే ఒక్క కన్నడ ముక్క కూడా ఆమె నోట రాలేదు. అన్నీ తెలిసిన మనిషి ఉలిక్కిపడదు కదా. నేను ఆమె కాళ్లకు దండం పెట్టాను. ఆ రోజు సంపుకు పెట్టిన దండం కంటే అది చాలా నిజమైంది.

సేటు గారు ఇప్పుడు లేరు. పోయేదాకా ఆయనకు తన ఇంటికి స్వామి వచ్చాడనే నమ్మకం, ఆ ఆనందంలో మేమెవరమూ చెయ్యి పెట్టలేదు. శారదమ్మ మాత్రం ప్రతి మృగశిరకూ ఫోన్ చేస్తుంది. "పులిహోర అయిందా?" అంటుంది. అయిందని చెప్పాకే మేం తింటాం. ఆ గొంతు వినబడితే చాలు, నాకు ఆ తడిసిన వాకిలి వాసన వస్తుంది.

కాబట్టి పాఠకులారా, మా డాబా మీది పుదీన మడి మీద చెయ్యి వేసి, మా ఆవిడా బిడ్డా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట తొట్టిలో వేసే చేపను ఆకలి మీద ఉండగా ఎంచను. మామను అడిగి అసలే ఎంచను. చున్నీని మూత అని పిలవను. ప్రస్తుతం నా తొట్టిలో ఉన్నవి చిన్న చిన్న రంగు చేపలు, పైన మూతగా తాండూరు బండలు.

మొన్న ఆదివారం మామ వచ్చి, బండ సందులోంచి చాలాసేపు లోపలికి చూశాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి మెల్లగా అడిగాడు.

"అల్లుడూ, గివి పులుసుకు మంచిగుంటయా, నూనెల ఏంచుకుంటెనా?"